జీపులో గాలి, ఇరుసులో కొత్త పళ్ళు

గుంటూరులో నాకు మోటార్ల వైండింగ్ షాపు ఉంది. బోరు మోటార్లు, కోల్డ్ స్టోరేజీల మోటార్లు కాలిపోతే మా దగ్గరికి వస్తాయి. మా పాత జీపుకి గాలి కంప్రెసర్ పెట్టి, ఇరుసుల్లో గేర్లు మార్పించిన కథ ఇది. షాపు సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద కరెంటు గురించి రాసింది నాకు తెలిసి రాసింది, గేర్ల గురించి రాసింది పక్కన కూర్చుని చూసి రాసింది. రెండింటినీ ఒకే నమ్మకంతో చదవొద్దు.

బండి పాత మహీంద్రా ఎంఎం 540. ప్యూజో డీజిల్ ఇంజిన్, 2,112 సీసీ. మా మామగారి మిరప చేను సత్తెనపల్లి అవతల ఉంది. తారు రోడ్డు దిగాక రెండు కిలోమీటర్లు డొంకలో పోవాలి. అంతా నల్లరేగడి. ఎండాకాలంలో నెర్రెల్లో కాలు ఇరుక్కుంటుంది, ఒక్క వాన పడితే చెప్పులు ఊడబెరుక్కుంటుంది. మధ్యలో ఒక వాగు, దాని నిండా ఇసుక. సన్న టైర్లతో వాగులో రెండుసార్లు దిగబడ్డాక, 6.00-16 టైర్లు, రిమ్ములు తీసేసి 15 అంగుళాల రిమ్ముల మీద 31 అంగుళాల టైర్లు వేయించాను. బండి చూడ్డానికి బ్రహ్మాండంగా తయారైంది. లాగడం మాత్రం మానేసింది. థర్డ్‌లో ఎక్కే మిట్టకి సెకండ్ అడిగేది, వాగు గట్టు ఎక్కేటప్పుడు క్లచ్చు కాలిన కంపు కొట్టేది. టైర్ల సైజు మార్పు మోటారు వాహనాల చట్టంలో బండి మార్పుల గురించిన 52వ సెక్షన్ దాకా వెళ్ళే వ్యవహారమని కూడా తర్వాతే తెలిసింది. మీరు మాత్రం ముందే కనుక్కుని దిగండి.

ఇక అసలు సంగతి. ఏడాదిలో ఈ జీపుకి రెండు పనులు చేయించాను. ఒకటి, బండిలోనే ఉండిపోయే గాలి కంప్రెసర్. రెండు, ముందూ వెనకా ఇరుసుల్లో క్రౌన్ పినియన్ మార్పు. అంటే ఇంజిన్ తిప్పుడుని చక్రాలకి మళ్ళించే పళ్ళ చక్రాల జత, పెద్దది క్రౌన్, చిన్నది పినియన్. రెండూ మా నల్లపాడు ఇంటి రేకుల షెడ్డులోనే జరిగాయి. గాలి ముందు పెట్టాను, గేర్లు తర్వాత. ఆ వరస తిరగబడి ఉంటే ఒక క్లచ్చు ప్లేటు ఖర్చు మిగిలేది.

కంప్రెసర్ కిట్టు ఆన్‌లైన్లో కొన్నాను, 11,800 రూపాయలు. కంపెనీ పేరు రాయను. ఒకే సిలిండరు, 12 వోల్టులు, డబ్బా మీద నిమిషానికి 85 లీటర్లు అని ఉంది. ఆ 85 ఎదురు ఒత్తిడి లేకుండా ఖాళీగా ఊదినప్పటి లెక్క. టైరులో 25 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఎదురు తోస్తుంటే అంత రాదు. ఇది ఈ ఒక్క కంపెనీ తప్పు కాదు, చాలామంది అలాగే రాస్తారు. కాబట్టి లీటర్లు చూసి కొనకండి, ఎన్ని ఆంపియర్లు తాగుతుందో, ఆపకుండా ఎన్ని నిమిషాలు తిరగగలదో చూసి కొనండి.

మోటారు, పిస్టను నాకు నచ్చాయి. ఊరుకోలేక విప్పి చూశాను. లోపల చుట్టిన తీగ మంచి రాగే, చుట్టు కూడా బిగుతుగా ఉంది. కమ్యుటేటర్ మీద బ్రష్షులు సరిగ్గా కూర్చున్నాయి. నా షాపుకి వచ్చి ఉంటే పేరు పెట్టడానికి ఏమీ దొరికేది కాదు. అంత మంచి మోటారు చేసినవాళ్ళు దానికి కరెంటు మోసే వైరు దగ్గర చెయ్యి వెనక్కి లాక్కున్నారు. కిట్టులోని ఎర్ర వైరు చేతిలోకి తీసుకోగానే బరువు లేదనిపించింది. బ్లేడుతో గీకితే పైన రాగి రంగు, లోపల తెల్లగా అల్యూమినియం. పైన తొడుగు లావుగా ఉంది, లోపల తీగ ఒకటిన్నర స్క్వేర్ ఎంఎం ఉంటుందేమో. క్లాంప్ మీటరు పెడితే కంప్రెసర్ 27 ఆంపియర్లు తాగుతోంది. ఇంజిన్ ఆన్‌లో ఉండి బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు ఉంటే, మోటారు దగ్గరికొచ్చేసరికి 11.4. మిగతా 2.4 వోల్టులు వైరుని వేడి చేయడానికే పోతున్నాయి.

మా వాడు ఇంటర్ చదువుతున్నాడు. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టాడు. ఒక టైరు 15 నుంచి 28 పీఎస్ఐకి ఎక్కడానికి 2 నిమిషాల 50 సెకన్లు పట్టింది. ఆ వైరు పీకేసి 10 స్క్వేర్ ఎంఎం రాగి కేబులు లాగాను. బ్యాటరీ ప్లస్‌కి జానెడు దూరంలోనే 40 ఆంపియర్ల ఫ్యూజు, మోటారు పక్కన రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చు). డాష్‌బోర్డు స్విచ్చుకి రిలే కాయిలు కరెంటు ఒక్కటే వెళ్తుంది. మళ్ళీ అదే టైరు, అదే 15 నుంచి 28కి. 1 నిమిషం 55 సెకన్లు. మోటారు మారలేదు, పంపు మారలేదు, తీగ మారింది. కేబులు, లగ్గులు, ఫ్యూజు హోల్డరు అన్నీ కలిపి 1,400 అయింది. కిట్టుకి నేనిచ్చే మార్కులు పదికి ఆరు. వైరు లేకుండా అదే ధరకి అమ్మినా ఎనిమిది వేసేవాణ్ణి.

రెండో గొడవ త్రెడ్‌లతో వచ్చింది. నేను పాత లారీ గాలి బ్రేకుల చిన్న ట్యాంకు ఒకటి పెట్టాలనుకున్నాను. సుమారు ఎనిమిది లీటర్లది విజయవాడ ఆటోనగర్‌లో దొరికింది. పాత ట్యాంకు లోపల ఎంత తుప్పు తిన్నదో కంటికి కనపడదు కాబట్టి, ముందు దాన్ని నిండా నీళ్ళతో నింపి, నీళ్ళతోనే 200 పీఎస్ఐ దాకా ఎక్కించి ఒక రాత్రి వదిలేశాను. నీళ్ళతో పరీక్షిస్తే ట్యాంకు చీలినా చిన్న చిమ్ముతో పోతుంది. గాలితో పరీక్షిస్తే బాంబే. ఈ ఒక్క పనిలో మాత్రం తొందర పడొద్దు.

ట్యాంకు నిలిచింది, ఫిట్టింగులు నిలవలేదు. కిట్టుతో వచ్చిన పావు అంగుళం ఫిట్టింగులు అమెరికా ఎన్‌పీటీ త్రెడ్. మన షాపుల్లో దొరికేవి ఎక్కువగా బీఎస్పీ, అంటే బ్రిటిష్ పైపు త్రెడ్. పక్కపక్కన పెట్టి చూస్తే కవల పిల్లల్లా ఉంటాయి. ఒకటి అంగుళానికి 18 చుట్లు, ఇంకోటి 19. పళ్ళ కోణం కూడా ఒకదానిది 60 డిగ్రీలు, రెండోదానిది 55. రెండు చుట్లు హాయిగా తిరుగుతుంది, మూడో చుట్టుకి బిగుస్తుంది. మనం "బాగా పట్టింది" అనుకుంటాం. అది పట్టడం కాదు, త్రెడ్ కొరుక్కుపోవడం. టెఫ్లాన్ టేపు ఎన్ని చుట్లు చుట్టినా గాలి దారి వెతుక్కుంది. మా ఆవిడ తలంటుకి నానబెట్టిన కుంకుడుకాయల్లోంచి గ్లాసుడు రసం తెచ్చి, బ్రష్షుతో జాయింట్లన్నిటికీ నురగ పూశాను. నాలుగు చోట్ల బుడగలు. ఒక చోట మరీ, అన్నం ఉడుకుతున్నట్టు.

"ఏమండీ, నా తలకి ఏమైనా మిగిల్చారా?" అంది.

చివరికి కంప్రెసర్ తలలో ఉన్న ఒక్కటి తప్ప మిగతావన్నీ పీకేసి, లారీలకి వాడే ఇత్తడి ఫిట్టింగులు, నైలాన్ పైపు వేశాను. కంప్రెసర్ నుంచి బయటికొచ్చే మొదటి మూరెడు మాత్రం స్టీలు అల్లిక పైపే ఉంచాలి. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, ఆ వేడికి నైలాన్ మెత్తబడి ఊడిపోతుంది. ఇది నేను చదివి తెలుసుకున్నది కాదు, ఆదివారం మధ్యాహ్నం ఢామ్మని ఊడి ఇంటిల్లిపాదినీ నిద్ర లేపాక తెలుసుకున్నది. ఆ తర్వాత గాలి వెనక్కి పోకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వు, 90 పీఎస్ఐ దగ్గర మొదలై 120 దగ్గర ఆగే ప్రెషర్ స్విచ్చు, 150కి ఊదేసే సేఫ్టీ వాల్వు, ట్యాంకు అడుగున నీళ్ళు వదిలే కాకు (చిన్న కుళాయి) పెట్టాను. వానాకాలంలో వారానికోసారి ఆ కాకు తిప్పితే చిన్న టీ గ్లాసుడు నీళ్ళు వస్తాయి, తుప్పు రంగులో.

ఎక్కడ బిగించాలనేది మూడో పాఠం. మొదట బానెట్ కింద, చోటుందని, ఎగ్జాస్టు మానిఫోల్డుకి అడుగు దూరంలో పెట్టాను. మే నెలలో నాలుగో టైరు నింపుతుండగా వేడెక్కి, థర్మల్ కట్ అయి ఆగిపోయింది. గంటసేపు చెట్టు కింద కూర్చున్నాం. ఇప్పుడు వెనక సీటు కింద ఉంది. నీళ్ళకి ఎత్తులో ఉంది, గాలి తగులుతుంది. పీల్చుకునే ఫిల్టరుకి మాత్రం పైపు వేసి సీటు వెనక పైకి లాగాను.

ఇంత తంటా పడి పెట్టింది పనికొచ్చిందా అంటే, వచ్చింది. టైర్లు నింపుకోవడానికని కొన్నాను గానీ అసలు లాభం టైర్లలో గాలి తీయడంలో ఉందని వాడాక తెలిసింది. వాగు ఇసుకలో గాలి 15కి తగ్గిస్తే టైరు కింద పొడుగ్గా పరుచుకుంటుంది, బండి మునగకుండా తేలినట్టు పోతుంది. ఈ సంగతి నాకు పదేళ్ళ నుంచి తెలుసు. అయినా ఎప్పుడూ తీయలేదు. ఎందుకంటే తీస్తే తారు రోడ్డు ఎక్కాక 15 పీఎస్ఐతో సత్తెనపల్లి దాకా పాకుతూ వెళ్ళి, గాలి మిషను పనిచేసే బంకు వెతుక్కోవాలి. గాలి వెనక సీటు కిందే ఉందని తెలిస్తే చెయ్యి ధైర్యంగా వాల్వు మీదికి పోతుంది. ట్యాంకు నిండుగా ఉంటే మొదటి టైరు సగం పైగా దానితోనే అయిపోతుంది కూడా. ఇప్పుడు వాగు దగ్గర ఆరు నిమిషాలు ఆగుతాను, తిరుగు ప్రయాణంలో పది నిమిషాలు. దిగబడటం మాత్రం మళ్ళీ జరగలేదు. రేగడి బురదలో మాత్రం గాలి తీసినా పెద్దగా ఒరిగింది లేదు. ఆ మన్ను టైరు గాడుల్లో కూరుకుని టైరుని పెసరట్టు పెనంలా నున్నగా చేసేస్తుంది. అక్కడ కావాల్సింది ఆగకుండా, తొందరపడకుండా, ఒకే లాగుడుతో పోవడం. అది గేర్ల పని.

ఒక హెచ్చరిక. గాలి గన్ను ఉంది కదా అని జీపు లోపల దుమ్ము ఊదకండి. ముఖ్యంగా అందులో ఎప్పుడైనా మిరప టిక్కీలు (బస్తాలు) వేసి ఉంటే. నేను ఊదాను. షెడ్డులో నేను, మా వాడు, గోడ అవతల పక్కింటివాళ్ళు అరగంట దగ్గాం.

గేర్లకి వస్తాను. ఆ పని చేసింది ఒక పెద్దాయన. ఆటోనగర్‌లో నలభై ఏళ్ళుగా డిఫరెన్షియల్ (ఇరుసు గేర్ల) పనే చేస్తున్నాడు. ఇప్పుడు షాపు కొడుక్కి వదిలేసి, తెలిసినవాళ్ళ పనులు ఆదివారాలు వాళ్ళ ఇంటికొచ్చి చేస్తున్నాడు. నా టైర్లు చూసి మొదటి మాటే, "బాబూ, లోపల ఎన్ని పళ్ళున్నాయో చూడకుండా బయట టైరు పెంచితే ఎట్టా?" అన్నాడు.

వెనక కవరు విప్పి లెక్కపెట్టాం. క్రౌన్‌కి 39, పినియన్‌కి 8. 39ని 8తో భాగిస్తే 4.88, అంటే పినియన్ అన్ని చుట్లు తిరిగితే క్రౌన్ ఒక్క చుట్టు. పాత టైరు టేపు పెట్టి కొలిస్తే 28 అంగుళాల పైచిలుకు, కొత్తది 31, అంటే తొమ్మిదిన్నర శాతం పెరిగింది. ఆయన క్రౌన్‌కి 43, పినియన్‌కి 8 ఉన్న జత వెయ్యమన్నాడు. అది 5.38, పది శాతం ఎక్కువ. నేను కాగితం మీద వేసుకున్నాను. టాప్ గేరులో 60 కిలోమీటర్ల వేగానికి పాత టైర్లతో ఇంజిన్ నిమిషానికి సుమారు 2,160 చుట్లు తిరిగేది. పెద్ద టైర్లతో అది 1,970కి పడిపోయింది. 5.38 వేస్తే 2,170. ఇంజిన్ తనకి అలవాటైన చోటికే తిరిగి వస్తుందన్నమాట. ఆయన ఈ లెక్క వెయ్యలేదు, నోటితోనే చెప్పాడు.

ముందూ వెనకా రెండు జతలూ ఒకే నిష్పత్తిలో ఉండాలి. లేకపోతే ఫోర్ వీల్ వేయగానే రెండు ఇరుసులూ ఒకదాన్నొకటి పీక్కుంటాయి. జత 8,500 చొప్పున కొన్నాను. ఇక్కడ ఒక షాపులో మోసపోబోయాను. క్రౌన్ పక్కన చెక్కిన నంబరు ఒకటి, పినియన్ నెత్తి మీద నంబరు ఇంకోటి. "కొత్తవే కదండీ, ఏదైతే ఏముంది" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. క్రౌన్, పినియన్ కలిపి అరగదీసి జతగా అమ్ముతారు, విడదీస్తే పనికిరావు. పెద్దాయన ఏమీ మాట్లాడకుండా రెండూ కౌంటరు మీద పెట్టేసి బయటికి నడిచాడు. నేను వెనకాలే నడిచాను.

బిగింపు వెనక ఇరుసుకే ఒక ఆదివారం పూర్తిగా పట్టింది. బేరింగు క్యాపులు విప్పేముందు సెంటర్ పంచితో ఎడమదానికి ఒక చుక్క, కుడిదానికి రెండు చుక్కలు కొట్టాడు, అటుదిటు పడకుండా. కొత్త బేరింగులతో పినియన్ బిగించాక, ఫ్లాంజి చుట్టూ పురికొస చుట్టి, దాని కొసకి స్ప్రింగు త్రాసు తగిలించి లాగాడు. ముల్లు ఐదు, ఆరు కిలోల మధ్య నిలకడగా నిలబడి పినియన్ తిరగాలి. మొదటిసారి మూడు దగ్గరే తిరిగింది. విప్పి ఒక పల్చటి షిమ్ము (సర్దుబాటు రేకు బిళ్ళ) తీసి మళ్ళీ బిగించాడు. ఇలా నాలుగుసార్లు.

తర్వాత సింధూరం. ఆంజనేయస్వామికి పూసే రంగే, నూనెలో చిక్కగా కలిపి డబ్బాలో తెచ్చుకున్నాడు. ఇప్పటివాళ్ళు ట్యూబులో దొరికే నీలం రంగు వాడుతున్నారట, ఈయన చెయ్యి మాత్రం ఈ డబ్బాకే అలవాటు పడింది. క్రౌన్ పళ్ళు ఐదారింటికి రెండు వైపులా పూసి, నన్ను క్రౌన్‌ని గుడ్డతో అదిమి పట్టుకోమని, తను పినియన్ తిప్పాడు. రంగు చెదిరిన చోట మెరిసే మచ్చ పడింది. పంటి కొనకి దగ్గరగా, సన్నగా. "చూశావా, పైపైన కొరుకుతోంది. పినియన్ దూరంగా ఉంది" అన్నాడు. మళ్ళీ మొత్తం విప్పాడు. పినియన్ బేరింగు వెనక ఐదు థౌల (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) షిమ్ము చేర్చాడు. మళ్ళీ బిగింపు, మళ్ళీ త్రాసు, మళ్ళీ సింధూరం. ఈసారి మచ్చ పంటి నడిమధ్యలో, చింతగింజ ఆకారంలో పడింది. ఆయన ఫోను తీసి ఫొటో తీసుకున్నాడు. నలభై ఏళ్ళ తర్వాత కూడా ఫొటో తీసుకోవాలనిపించడం నాకు నచ్చింది. చివరికి డయల్ గేజి పెట్టి పళ్ళ మధ్య ఖాళీ చూస్తే 6 థౌలు. 5 నుంచి 8 లోపు ఉంటే చాలన్నాడు.

ఇంట్లో ఈ పని మీరే చేసుకోవచ్చా? ఇరుసు విప్పడం, కడగడం, మోయడం చేసుకోవచ్చు. ఆ మచ్చ చదవడం మాత్రం నాకు రాదు, వచ్చినవాణ్ణి పిలవండి. ఆయన కూలి రెండు ఇరుసులకి 9,000. బేరింగులు, సీళ్ళు 7,200. జీఎల్-5 గేరు ఆయిలు వేరే.

మొదటి రోజు ముప్పై కిలోమీటర్లు మెల్లగా తిప్పి, ఇరుసు చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడేదాకా ఆపమన్నాడు. 800 కిలోమీటర్లకి ఆయిలు మార్చాను. అయస్కాంతం ప్లగ్గుకి బూడిద రంగు మెత్తటి ముద్ద అంటుకుంది, పలుకులు లేవు. వేలితో రాసి చూసి పెద్దాయనకి ఫోనులో చెబితే "సరే, మూసెయ్" అన్నాడు.

తేడా వాగు గట్టు దగ్గర తెలిసింది. ఇదివరకు క్లచ్చుతో బతిమాలి ఎక్కించేవాణ్ణి. ఇప్పుడు లో రేంజిలో (లాగుడు పెంచే రెండో గేరు లివరు) సెకండ్ వేసి క్లచ్చు మీంచి కాలు తీసేస్తే తనే ఎక్కుతుంది. కొండవీడు ఘాటు రోడ్డులో సెకండ్‌లో ఏడ్చే మలుపులు రెండు మూడు థర్డ్‌లో పోయాయి. ఇంకో చిన్న సంతోషం, స్పీడోమీటరు. పెద్ద టైర్లు వేశాక అది తక్కువ చూపించేది. గేర్ల మార్పు ఆ తేడాని దాదాపు పూర్తిగా సరిచేసింది.

నష్టం కూడా చెప్పాలి. విజయవాడ హైవే మీద 80 దాటితే ఇంజిన్ 2,900 చుట్లతో అరుస్తుంది, పక్కన కూర్చున్నవాళ్ళతో మాట్లాడాలంటే గొంతు పెంచాలి. 60 దగ్గర వదిలేసి ఎడమ వరసలో పోయేవాడికి ఇబ్బంది లేదు. నేను అలాంటివాణ్ణే. హైవే మీద తిరిగే బండికి మాత్రం ఈ గేర్లు వద్దు, టైరే చిన్నది వేసుకోండి.

డబ్బు ఒక్కదానికే ఉంటే గేర్లు వేయించండి. అప్పటిదాకా గాలికి షాపులో దొరికే కాలి పంపు చాలు, కాస్త చెమట పడుతుంది.

ప్రస్తుతానికి ముందు ఇరుసు పినియన్ సీలు దగ్గర ఆయిలు చెమ్మ కనిపిస్తోంది. బొట్టు కారడం లేదు గానీ దుమ్ము అంటుకుంటోంది. కొత్త సీలు 180 రూపాయలు, తెచ్చి షెడ్డులో మేకుకి తగిలించాను. పెద్దాయన మనవరాలి ఓణీల ఫంక్షను అయ్యాక వస్తానన్నాడు.